తొక్కు ఒడిసింది

మొన్న ఆదివారం నేను వరంగల్ స్టేషన్ దాకా ఎందుకు ఉరికానో చెప్తే నవ్వుతారు. ముందే నవ్వేయండి, ఏమీ అనుకోను.

మా బిడ్డ శ్రావ్య విశాఖపట్నంలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటోంది. మొదట్లో వరంగల్‌లోని మా మట్టెవాడ నుంచి అక్కడ పిల్లల్ని చేర్చిన తండ్రులం ముగ్గురమే. మాలో రాజన్న ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాడు. ఎవరు అటు పోతే వాళ్లు మిగతా ఇద్దరి డబ్బాలు మోసుకుపోవాలి, అంతే పని. "సకినాలు చేరినయా?" "చేరినయన్నా." రోజుకు రెండు మెసేజ్‌లు!

తర్వాత రాజన్న తన బామ్మర్దిని చేర్చాడు. ఆయన భీమవరం వాళ్లను చేర్చాడు. ఇప్పుడు ఐదు వందల మందిమి. పొద్దున గులాబీలు, మధ్యాహ్నం ధర్మసాగర్ దగ్గర ప్లాట్లు, సాయంత్రం "ఈ నంబర్ ఎవరిదండీ?" నేనూ ఒక అడ్మిన్‌నే, పైగా భయస్తుణ్ని. అందుకే పదకొండు రూల్స్ రాసి పెట్టాను. మూడోది: విచారించకుండా పుకార్లు పంపినవారిని గ్రూపు నుంచి తీసివేయడం జరుగును.

ఆ రోజు శ్రావ్య ఫోన్ చేసి పచ్చడి అయిపోయిందంది. పచ్చడిని మేం తొక్కు అంటాం, అయిపోతే ఒడిసింది అంటాం, జాగ్రత్తను పైలం అంటాం. వెంటనే గ్రూపులో కొట్టాను: "బి బ్లాక్‌ల మా బిడ్డకు తొక్కు ఒడిసింది. జర పైలంగ తీస్కపోయేటోళ్లు ఎవరన్న ఉన్నరా? అర్జెంట్."

ముగ్గురమే ఉన్నప్పుడు ఇలాంటిదానికి అర్థం చెప్పే పని ఎప్పుడూ పడలేదు. గ్రూపు ఎప్పుడూ మ్యూట్‌లోనే ఉంటుంది కాబట్టి, ఫోన్ పక్కన పడేసి స్నానానికి పోయాను.

గంట తర్వాత వర్ధన్నపేట నుంచి మా తమ్ముడి ఫోన్.

"అన్నా, శ్రావ్య హాస్టల్‌ల తొక్కిసలాట అయిందట! బి బ్లాకేనట! పిల్లను దవాఖానకు తీస్కపోయేటోళ్లు గూడ లేరట!"

"ఎవరు చెప్పిండ్రురా?"

"ఫార్వర్డ్ అచ్చింది!"

శ్రావ్యకు కొడితే ఎత్తదు. వార్డెన్‌కు కొడితే బిజీ. మళ్లీ బిజీ! తువ్వాల, ఆధార్ కార్డు, నొప్పుల మందు సంచిలో కుక్కి ఆటో ఎక్కాను. "ఆగుండ్రి! జర కనుక్కోని పోండ్రి!" అని మా ఆవిడ గేటు దాకా వచ్చి అరిచింది. కనుక్కునే టైమెక్కడిది? ఆటోలో కూర్చుని ఆ వార్తను ఇంకో నాలుగు గ్రూపులకు నేనే పంపాను.

టికెట్ లైన్లో ఉండగా శ్రావ్య ఫోన్.

"డాడీ! గ్రూపుల ఏం రాసినవ్?"

"బిడ్డా! స్టేషన్‌ల ఉన్న, అస్తున్న! పానం మంచిగున్నదా? ఏడన్న దెబ్బ తాకిందా?"

"నాకేమైతది? వార్డెన్ మేడమ్‌కు ఫోన్లే ఫోన్లు! అందర్ని లైన్ల నిలబెట్టి లెక్క పెట్టింది. నీ మెసేజ్ చూసి ఎవరో అంకుల్ 'అయ్యో, పాపను తొక్కేశారా? ఆస్పత్రికి తీసుకెళ్లాలా?' అని రాసిండట. గాడికెల్లి షురువైంది!"

అంటే నేను ఉరికింది నా మెసేజ్ వెనకాలే! ఐదు వందల మందిలో నాకు ఫోన్ చేసి అడిగినవాడు ఒక్కడూ లేడు.

గ్రూపు తెరిచాను. నేను అందులో లేను. రాజన్న విడిగా ఒక మెసేజ్ పెట్టాడు: "ఏమనుకోకే అన్నా. మూడో రూలు."

"సరే తియ్, స్టేషన్ దాకా అయితే అచ్చినవ్," అంది శ్రావ్య, నవ్వాపుకుంటూ. "రారాదు డాడీ. తొక్కు తెస్తున్నవా?"

సంచి తెరిచి చూశాను. తువ్వాల ఉంది. ఆధార్ ఉంది. నొప్పుల మందు ఉంది.