ఐస్ ప్లాంటు లెక్క

ఆ నోట్సు నాదేనని ఆ రోజు నేను చెప్పలేదు. ఒక్క వాక్యం చాలు, అంతా అక్కడితో ఆగిపోయేది. ఇన్నాళ్లకు రాస్తున్నాను. పగ తీరి రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. మా విభాగాధిపతి మీద నా పగ తీరలేదు, తీరుతుందన్న ఆశా లేదు.

విశాఖలో ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరుగా చేరిన కొత్తలో నేను థర్మోడైనమిక్స్ చెప్పేవాణ్ణి. క్లాసు కోసం చేత్తో రాసుకున్న నోట్సు నా దగ్గర ఉండేది. ఒకరోజు హెడ్ గారు దాని నకలు అడిగి తీసుకున్నారు. "పుస్తకం ఏయిద్దామయ్యా, నీ పేరు కూడా ఉంటాది" అన్నారు. పుస్తకం వచ్చింది. అట్ట మీద ఆయన పేరు ఒక్కటే ఉంది. ముందుమాటలో కృతజ్ఞతలు ఆయన గురువుకి, ఆయన శ్రీమతికి, డీటీపీ చేసినాయనకి. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెతికాను. నేనెక్కడా లేను.

ఆ పుస్తకం చివర అసైన్‌మెంటు కాగితాలు ఉండేవి, చింపుకోవడానికి వీలుగా వరుసగా చిల్లులు పెట్టి. జవాబులు ఆ కాగితాల మీద రాసిస్తేనే ఇంటర్నల్ మార్కుల్లో అసైన్‌మెంటు వాటా దక్కేది. సీనియర్ల పుస్తకంలో ఆ కాగితాలు అప్పటికే చింపేసి ఉంటాయి కాబట్టి ఏటా ప్రతి ఒక్కరూ కొత్తది కొనాల్సిందే. ఈ ఏర్పాటు గురించి ఆయన స్టాఫ్ రూములో ముచ్చటగా చెప్పుకునేవారు. అందరం నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను.

ఆ ఏడు నా క్లాసులో ఫిషింగ్ హార్బర్ నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న అక్కడి ఐస్ ప్లాంటులో కంప్రెసర్ ఆపరేటరు. ఒకరోజు క్లాసు అయ్యాక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, నాలుగో చాప్టర్లో ఐస్ ప్లాంటు లెక్క తప్పండి."

"నీకెలా తెలుసు?"

"మా నాన్నకి సూపించానండి. ఇంత మిషనుకి అంత ఐసొస్తే నాను ఈపాటికి ఓనర్నయిపోదునమ్మా అని నవ్వేడండి."

నేనూ నవ్వి, చూద్దాంలే అన్నాను. చూడలేదు. ఆమె చదువుతున్నది ఎవరి దగ్గరో అడిగి తెచ్చుకున్న పుస్తకమని తెలిసి నా నోట్సు ఇచ్చాను. "నా పేరు మాత్రం ఎక్కడా బయటపెట్టకు" అన్నాను. ఆ మాట అంటూ కూడా గొప్ప సాయం చేశాననే అనుకున్నాను.

ఆమె ఆ నోట్సు మొత్తం తన చేతిరాతతో తిరగరాసి, ఫొటోలు తీసి క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టింది. పుస్తకం కొనలేనివాళ్లు ఆమె ఒక్కతే కాదు మరి. వారం తిరక్కుండా ఆ ఫొటోలు హెడ్ గారి ఫోనులోకి చేరాయి. ఆమెను స్టాఫ్ రూముకి పిలిపించి అందరి ముందూ నిలబెట్టారు.

"ఇది ఎక్కడిది?"

"రాసుకున్నానండి."

"సూసి రాసుకున్నావ్. మా పుస్తకంలో లెక్కలన్నీ దిగిపోయేయి, దశాంశాలతో సహా. దీన్నేటంటారు?"

"ఐస్ ప్లాంటు లెక్క తప్పండి సార్. మీ దాంట్లో కూడా."

"ఐసు కొట్టుకునేవోళ్లు నాకు లెక్కలు సెప్తన్నారు" అన్నారాయన మా అందరి వైపూ చూస్తూ. ఎవరో నవ్వారు.

ఆమె ఒక్కసారి నా వైపు చూసింది. ఆ నోట్సు, అందులోని తప్పుతో సహా, నేనిచ్చిందేనని ఆ గదిలో తెలిసింది మా ఇద్దరికే. నేను పేపర్లు దిద్దుతున్నట్టు తల దించుకున్నాను. నా ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు ఆయన సంతకం కోసం ఆ బల్ల మీదే ఉంది. ఆమె నా పేరు చెప్పలేదు.

దొంగతనం కింద జమకట్టి ఆ సబ్జెక్టులో ఇంటర్నల్ మార్కులు మొత్తం సున్నా వేశారు. సబ్జెక్టు తప్పింది. తప్పినవాళ్లను కాంపస్ ఇంటర్వ్యూలకు కూర్చోనివ్వరు. తోటివాళ్లు ఉద్యోగాలకు వెళ్లిపోయిన ఏడాది ఆమె వాళ్ల నాన్న పక్కన కూర్చుని కంప్రెసర్ రీడింగులు రాసింది. నా ఫైలు మీద సంతకం పడింది.

ఆ తర్వాత నేను ఓపిగ్గా కాచుకున్నాను. పరీక్షల కమిటీలోకి చేరాను. అసైన్‌మెంటు ఏ తెల్ల కాగితం మీద రాసిచ్చినా చెల్లుతుందని తీర్మానం రాయించాను. రాత్రనక పగలనక కూర్చుని నా నోట్సును, బొమ్మలతో సహా, పుస్తకంగా కట్టాను. హెడ్ గారి కొత్త ఎడిషన్ కట్టలు ఆటోలోంచి దిగిన రోజునే దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాను. ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, మళ్లీ పంచవచ్చు. అసలు రాసిందెవరో చెబితే చాలు. ఆ చివరి షరతు టైపు చేస్తున్నప్పుడు కలిగిన సుఖం ఇంతవరకు మరి దేనిలోనూ నాకు దొరకలేదు.

మూడో రోజు ఆయన నా గదికి వచ్చారు.

"ఎవుడి సొమ్మని ఊరంతా పంచిపెడతన్నావయ్యా?"

"నాదే సార్. మీదంటే చెప్పండి, తీసేస్తాను. ఇదిగో చాక్‌పీసు. ఏ చాప్టరైనా సరే, ఒక్క లెక్క చేసి చూపించండి."

ఆయన చాక్‌పీసు వైపు చూశారు, తలుపు వైపు చూశారు, వెళ్లిపోయారు. అమ్ముడుపోని కట్టలు ల్యాబులో బాయిలర్ నమూనా కింద పడి చెదలు పట్టాయి. నాకు అటువైపు పని లేకపోయినా రోజూ ఒకసారి అటు నుంచి నడిచేవాణ్ణి.

ఈలోగా నేను అనుకోనివి కొన్ని జరిగాయి. సబ్బవరంలో ఒక పాలిటెక్నిక్ లెక్చరరు ప్రతి చాప్టరుకీ తెలుగులో వివరణ రాసి చేర్చుకున్నాడు. పరవాడ మందుల ఫ్యాక్టరీలకు వెళ్లే కంపెనీ బస్సుల్లో కూర్చుని ఫోన్లలో చదువుతున్నామని ఎవరెవరో రాశారు. మొదటి రోజు నుంచే అందరి చేతిలోనూ పుస్తకం ఉండేసరికి మా కాలేజీలో చివరి బెంచీలు కూడా సందేహాలు అడగడం మొదలుపెట్టాయి. నేను ఒక మనిషిని కొట్టడానికి రాయి ఎత్తాను. అది పదిమంది ఇళ్లకు మెట్టయింది. అందుకు నన్ను మెచ్చుకునేవాళ్లని చూస్తే మొహం చెల్లేది కాదు.

ఒకరోజు పుస్తకానికి ఒక సవరణ వచ్చింది. "నాలుగో చాప్టరు, ఐస్ ప్లాంటు లెక్క. నీళ్లు గడ్డకట్టేటప్పుడు తీసే వేడి ఒక్కటే లెక్కేశారు. ముందు అవి సున్నా డిగ్రీలకు చల్లబడాలి కదా, ఆ వేడి వదిలేశారు. సరిచేసిన లెక్క జతచేశాను." కింద ఆమె పేరు ఉంది.

పగ తీర్చుకునే తొందరలో నేను ఆ తప్పును అలాగే దించాను.

ఆమె ఇప్పుడు పరవాడలో ఒక మందుల కంపెనీ చిల్లింగ్ ప్లాంటు చూస్తుంది. క్షమాపణ చెప్పుకోవాలని రాస్తే, ఒక ఆదివారం పొద్దున్న హార్బర్ ఐస్ ప్లాంటు దగ్గరకి రమ్మంది. వాళ్ల నాన్న నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆ లెక్క సారు ఈయనేనేటి? రండి బాబూ. అంత ఐసు ఎక్కడొస్తాదో మాకూ సూపించండి."

రాసి తీసుకెళ్లిన క్షమాపణ ఆమె చేతికిచ్చాను. పేపరు దిద్దినట్టే చదివింది.

"అప్పటి పరిస్థితుల వల్ల అని రాసేరు. ఆ పరిస్థితులేటండి?"

"నా ఉద్యోగం."

"అదే రాయండి మరి." కాగితం తిప్పింది. "ఇక్కడ సగం పేజీ హెడ్ గారి మీదే ఉంది. ఇది నాకు సెప్పే సారీ కాదండి. అది మీరూ మీరూ సూసుకోండి."

"తీసేస్తాను."

"ఇంకోటండి. నన్నన్నది అందరి ముందరా. మీరు నా ఒక్కదానికే సెప్పి ఎలిపోతారా?"

కొట్టేసినవి కొట్టేయగా మిగిలింది పుస్తకం మొదటి పేజీలో పెట్టాను. స్టాఫ్ అందరికీ పంపాను, హెడ్ గారితో సహా. పుస్తకాన్ని ఎవరెవరో దించుకుని పంచుకుంటారు కాబట్టి ఇక ఆ క్షమాపణను వెనక్కి తీసుకునే దారి నాకు లేదు. అక్కడ ఆమె పేరు ఉంది, ఇక్కడ రాయడం లేదు.

"ఐస్ ప్లాంటు లెక్క తప్పని మొదట చెప్పింది, చివరికి సరిచేసింది నా విద్యార్థిని. నేను ఇచ్చిన నోట్సును ఆమె దొంగిలించిందని అందరి ముందూ అన్నప్పుడు, ఉద్యోగం పోతుందని నేను నోరు మూసుకున్నాను. నా పేరు చెప్పి బయటపడగలిగినా ఆమె చెప్పలేదు. ఆమె దేన్నీ దొంగిలించలేదు. ఆమె ఏడాది పోయింది నా వల్ల. నన్ను క్షమించమని అందరి ముందూ ఆమెను అడుగుతున్నాను."