అమ్రోలి బస్సులో అడిగిన కార్డులు

ఆ రోజు నేను ఫోన్లో తెలుగు మాట్లాడకపోయి ఉంటే ఆయన నన్ను పలకరించేవాడు కాదు. సూరత్ సిటీ బస్సులో పక్క సీటు పెద్దాయన. తన ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు.

"జర ఈ కార్డులు అడుగు బిడ్డా. నాకు మతిమరుపు బీమారి. యాదికుండాలని మా పిల్ల చేసిచ్చింది."

ఇంట్లోవాళ్ల పాత మెసేజ్‌లన్నీ ఏఐ ఏజెంటుకి ఇస్తే, అది ఒక్క విడతలో వందల కార్డులు తయారుచేసిందట. పైన ప్రశ్న ఉంటుంది, వేలితో తాకితే జవాబు వస్తుంది.

"మీ ఇల్లెక్కడ?" అని చదివాను.

"అమ్రోలి."

తాకితే కతర్‌గామ్ అని వచ్చింది. ఆయన ముఖం పాలిపోయింది. బయట కతర్‌గామ్ స్టాపు వచ్చేస్తోంది. లేచి నిలబడి, మళ్లీ కూలబడి, నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏది నిజం? జల్ది చెప్పు. దిగాల్నా?"

ఆ ఫోన్‌తోనే కూతురికి కలిపి, స్పీకర్ పెట్టి, కార్డు సంగతి చెప్పాను.

"అయ్యో, అది పాత ఇల్లక్కా! ఇప్పుడు అమ్రోలీనే. అన్నీ ఒక్కసారే అయినయ్, నేను చూసుకోలే."

"మీరే కరెక్టు బాబాయ్, కార్డే తప్పు," అన్నాను, ఊపిరి పీల్చుకుని.

ఆయన చెయ్యి వదల్లేదు. ముఖం మెల్లగా వెలిగింది. అది చూస్తే నాకు ఇంకా భయమేసింది.

"గట్లయితే బిడ్డా, మా ఇంటామె సచ్చిపోయిందన్న కార్డు గుడ తప్పేనా?"

స్పీకర్లో కూతురు వెక్కి ఏడ్చింది.