విశ్వకర్మ పూజనాడు ఆగిన నక్షత్రాలు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. కోరాపుట్ దగ్గర సెమిలిగుడలో మా నాన్నది అల్లం, ఉల్లి టోకు కొట్టు. కొట్టు వెనక గదిలో, ఉల్లి బస్తాల మధ్య, నా కంప్యూటర్ నక్షత్రాల కదలికలు లెక్కగట్టేది. నక్షత్రాలు గుంపులుగా పుడతాయి. మొదట్లో వాటిని పట్టి ఉంచేది చుట్టూ ఉన్న వాయువు. అది పోయాక గుంపు నిలుస్తుందా, చెల్లాచెదురవుతుందా? నా పీహెచ్‌డీ అంతా ఆ ఒక్క ప్రశ్నే. వాళ్ల అమ్మి, అంటే నేను, చుక్కలు బతుకుతాయో లేదో చూస్తోందని ఇంట్లోవాళ్లకి అర్థమైంది. ఇక గడువు పొడిగించేది లేదని యూనివర్సిటీ తేల్చేసింది. ఆఖరి అధ్యాయం కోసం పెద్ద గుంపొకటి వారాల తరబడి నడుస్తోంది.

నిజం చెప్పొద్దూ, అప్పటికే విసిగిపోయాను. కళ్లు మంటలు, నడుం నొప్పి, ఆగని ఫ్యాను మోత. కరెంటు పోతుందని లారీ బ్యాటరీతో ఇన్వర్టర్ పెట్టించాను. డిస్కులో చోటు చాలక, మధ్యమధ్య ఫలితాలు దాచే ఏర్పాటు తీసేశాను; ఆగితే మళ్లీ మొదటినుంచే. ఇంకొన్నాళ్లు ఓపిక పడితే చాలనుకున్నాను.

విశ్వకర్మ పూజనాడు ఊళ్లో లారీలన్నీ కడిగి, దండలేసి నిలబెట్టేస్తారు. ఆ రోజు యంత్రం చేత పని చేయించకూడదు. పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే, అయినా నా కంప్యూటర్ కూడా యంత్రమేనని నాకు తట్టలేదు. పొద్దున్నే కోరాపుట్ వెళ్లి, రాసిన అధ్యాయాలు జిరాక్స్ తీయించుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. వెనక గదిలో చప్పుడు లేదు. మానిటర్‌కి పసుపు, కుంకుమ, బంతిపూల దండ, ముందు కొబ్బరి చెక్క. కొట్లో కాటాకి చేసినట్టే దీనికీ చేశాడు నాన్న.

"ఏటి నాన్నా ఇది?" అన్నాను.

"పండగపూట దాన్నీ పని సేయించీస్తావేటి అమ్మీ? పాపం, ఒళ్లు కాలిపోతంది. నేనే ఆపీసేను."

ఏడుపొచ్చింది. అరవడానికి ఓపిక లేదు, ఆ బొట్టు చూశాక మనసూ రాలేదు. ప్రసాదం పెడితే తిన్నాను. ఏం పోయిందో ఆయనకి చెప్పలేదు.

మర్నాడు, గడువులో అయ్యేట్టు, చిన్న గుంపుతో మళ్లీ మొదలుపెట్టాను. వాయువు పోగానే అది కాస్తా చెదిరిపోయింది. అదే రాసిచ్చాను. పెద్ద గుంపైతే నిలిచేదేమో, ఇప్పటికీ తెలీదు. రాయగడలో కాలేజీ పాఠాలు చెప్పుకుంటూ మళ్లీ దాని జోలికి పోలేదు. ఓపిక చచ్చిపోయింది.

డిగ్రీ వచ్చిన రోజు నాన్న అడిగాడు. "నీ సుక్కలు బతికేయా అమ్మీ?"

"బతికేయి నాన్నా," అన్నాను.

ఆయన మొహం వెలిగిపోయింది. పూజ చేసి ఒక్కపూట పడుకోబెట్టాం కాబట్టే బతికాయని, కొట్టుకొచ్చిన ప్రతి ఒక్కరికీ చెప్పుకున్నాడు.