ఆయన వాటా మాత్రలు

బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి బతికే పెద్దక్కకు మర్మస్థానంలో దురద పట్టుకుంది. దానికి వేళాపాళా లేదు. గిరాకీలు ఎదురుగా నిలబడితే మరీ విజృంభించేది. తనలోనే ఏదో మురికి ఉందనుకుని, బట్టల సబ్బుతో తోముకుని మంట కూడా తెచ్చుకుంది.

డాక్టరమ్మ పరీక్ష చేసి, క్రిమి వల్ల వచ్చిందని చెప్పి, మొగుడూ పెళ్లాలిద్దరికీ మాత్రలు రాసింది. తగ్గింది. మళ్లీ వచ్చింది.

"మీ ఆయన వేసుకున్నాడా?"

"ఆయనకేం డాక్టరమ్మా, దున్నపోతులా ఉన్నాడు. పారేయడమెందుకని ఆయనవి కూడా నేనే మింగాను."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుని, బయట బెంచీ మీద మీసం దువ్వుకుంటున్న మొగుడు రాజావారిని లోపలికి పిలిపించింది.

"నాకు దురదే లేదండీ," అన్నారు రాజావారు.

"మగాళ్లకు పైకి తెలియకపోవచ్చు. మీ దగ్గర దాక్కుని మళ్లీ ఆవిడకే అంటుకుంటోంది. ఇద్దరూ ఒకేసారి వాడండి. తగ్గేదాకా ఎడంగా ఉండండి." తర్వాత పెద్దక్క వైపు తిరిగింది. "ఇది మురికి వల్ల వచ్చింది కాదమ్మా. సబ్బు మానెయ్."

ఆ సాయంత్రం ఆయన యుద్ధానికి బయల్దేరినంత గంభీరంగా మాత్ర మింగాడు.

"నాలుక ఎత్తు," అంది పెద్దక్క.

ఎత్తి చూపించాడు. ఆవిడ స్నానాల గదిలోని బట్టల సబ్బును తీసుకెళ్లి, బట్టల దగ్గరే పెట్టింది.