ఊగని రీడింగు

ఆ రోజుల్లో నాకు మిషిను మీదున్నంత నమ్మకం నా కండ్ల మీద లేకుండె (ఇప్పుడు రెండిటి మీదా లేదు, అది వేరే సంగతి). ఎమ్మెస్సీ చేసి, జూలూరుపాడు నుంచి భద్రాచలంల ఒక నీటిపరీక్షల ల్యాబుకు రోజూ బస్సుల పోయొచ్చేదాన్ని. బోరునీళ్లల్ల రంగుమందు చుక్కలేస్తే పులుపు నీళ్లు పసుపైతయి, సౌడు నీళ్లు నీలమైతయి. అవి ఎంత వెలుగు మింగినయో మిషినుల చదవాలె. రీడింగు ఊగితే మా సారుకు ఒళ్లు మంట. "ఏందమ్మా, చేయి వణుకుతదా?" అనేటోడు. అందుకని మిషినుల వెలుగు రంగు మార్చుకుంట వెతికి వెతికి ఐదువందల నానోమీటర్ల దగ్గర ఒక చోటు పట్టిన. ఏ నీళ్లు పెట్టినా అక్కడ ఒకటే అంకె! "గిట్లుండాలె పని" అని సారు అందరి ముందట మురిసిండు. (నేనైతే ఆదివారం చర్చిల లేచి సాక్ష్యం గూడ చెప్పిన.) ఆ చోట పసుపూ నీలమూ వెలుగును సమానంగ మింగుతయనీ, మందు ఎంత పోసినమో తెలుస్తది గని నీళ్ల గుణం తెల్వదనీ పరీక్షల రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే నేను.

ఒకనాడు అడివంచు గూడెం నుంచి ఒకామె సీసాల బోరునీళ్లు తెచ్చింది. "రాగిబిందె పచ్చగైతాంది బిడ్డా, పిల్లలకు కడుపునొప్పి. వాగునీళ్లే మోస్తున్న. ఇవి తాగొచ్చా?" మందు చుక్కలేస్తే గొట్టంల ఆ నీళ్లు పసుపుకొమ్ము లెక్క మెరుస్తున్నయి. నేను మిషిను దిక్కే చూసిన. అదే అంకె. బాగున్నయని సంతకం పెట్టిచ్చిన.

వారానికి కొత్త మందుసీసా వచ్చింది. ఎట్లుందో చూద్దామని ఒక గొట్టంల నిమ్మరసం, ఇంకోదాంట్ల వంటసోడా కలిపి పెట్టిన. రెండిటికీ ఒకటే అంకె. గూడెం ఆమెకు ఇచ్చిన కాగితం యాదికొచ్చింది. సారుకు చెప్తే, "కాగితాలు ఇచ్చేసినం గదా, ఊకో. నీ పర్మినెంటు ఫైలు నా టేబుల్ మీదనే ఉంది" అన్నడు. ఊకున్న. సిగ్గులేక పది దినాలు ఊకున్న. పదకొండో దినం ఆమె మళ్లొచ్చింది, కొంగుల తునికిపండ్లు మూటగట్టుకుని. "నీ కాగితం చదివించుకున్నం బిడ్డా. వాగుకు పోవుడు బంద్ చేసిన. ఇంటిల్లిపాదిమి బోరే తాగుతున్నం."

"తాగొద్దమ్మా, నేను తప్పు చెప్పిన" అన్న ఎట్లనో. ఆమె నా మొఖం దిక్కు చూసింది. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"పది దినాలైంది."

ఒక్క మాట తిట్టలే. "పిల్లలు తాగుతుంటరు" అనుకుంట బస్సుకు ఉరికింది. ఆ నెలనే నన్ను పర్మినెంటు చేసిన్రు. సారు ముందట చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ బక్కపోరి (నేనే) యాదికొస్తే అప్పుడప్పుడు నవ్వొస్తది. తప్పు చోట చదివినందుకు దాన్ని ఎప్పుడో క్షమించిన. ఆ పది దినాలకు మాత్రం ఇంకా క్షమించలే.