ఊటతొట్టిలో మా స్నానం

మొన్న హోటల్లో మనవరాలు ఈతకొలనులో ఆడుతుంటే, గట్టు మీద ఫినాయిల్ వాసన కొట్టింది. నాకు ఒళ్ళు మండింది.

పంతొమ్మిది వందల అరవైల్లో, నా చిన్నప్పుడు, మా నెల్లూరు తీరాన ఇసుకదిబ్బల కింద ఒక మంచినీటి ఊట ఉండేది. సర్కారు దాని చుట్టూ పార్కు వేసి, సిమెంటు తొట్టి, బట్టలు మార్చుకునే గదులు, బెంచీలు కట్టించింది. ఈస్టరు మర్నాడు అమ్మానాన్నలతో వెళ్ళాను.

"యా వూరు మీది?" అన్నాడు గేటు దగ్గర ముసలి కాపలాదారు.

"మాలపల్లె. అందరూ రావచ్చని బోర్డు మీద రాసుండాది గదా," అన్నాడు నాన్న.

అతను గేటు తీశాడు. మేం దిగగానే తొట్టిలో ఉన్నవాళ్ళంతా గట్టెక్కేశారు. తొట్టంతా మాకే వదిలారని సంబరపడిపోయాను. పెదాలు నీలమయ్యేదాకా మునిగాను.

మేం బయటికి రాగానే కాపలాదారు తొట్టి బిరడా లాగాడు. నీళ్ళన్నీ పక్కనున్న కనకాంబరం మడుల్లోకి పారాయి. ఖాళీ తొట్టిలో ఫినాయిల్ పోసి, చీపురుతో గట్టిగా రుద్దాడు. మా కోసమే కొత్తనీళ్ళు పడుతున్నాడనుకుని, "వద్దులే తాతా, మేం పోతా ఉండాం!" అని అరిచాను.

అమ్మ నా రెక్క పట్టుకుని గేటు దాకా ఈడ్చుకుపోయింది. 

మేం మునిగితే మైలపడ్డాయని ఆ నీళ్ళు వదిలేశాడని పెద్దయ్యాక అర్థమైంది. వాటితో పెరిగిన కనకాంబరాలే రోజూ దండలై ఊళ్ళో గుడికి వెళ్ళేవని ఇంకా తర్వాత తెలిసింది. అది తెలిసిన రోజు పగలబడి నవ్వాను. ఆ నవ్వులో మంచితనం లేదు. ఇప్పటికీ లేదు.