పెరటి కాలవ మీద రాయి

నిన్నటి వానకి పెరటి కాలవ పూడిపోయింది. తీద్దామని పైన మూసిన రాతిపలకను తిరగేసి బురద కడిగితే, ఉలి గాట్లు! అది మా నాన్నమ్మ సన్నికల్లు.

చిన్నప్పుడు దానికి కాలు తగిలితే కళ్లకద్దుకునేవాళ్లం. చేపల పులుసు రోజున దాని మీద నూరే వెల్లుల్లి, ధనియాల వాసన వీధి చివరిదాకా వచ్చేది. నాన్నమ్మ పోయాక ఎవరో ఎత్తుకుపోయారంది అమ్మ. ఇన్నేళ్లూ దాన్నే తొక్కుకుంటూ తిరిగామా!

"అమ్మా, దీన్నిక్కడెవరు పెట్టారు?" అని అరిచాను.

"నానే ఎట్టాను," అంది అమ్మ, తాపీగా చీపురందుకుంటూ. "నా అరసేతులు బొబ్బలెక్కినా, మెత్తగా నేదని మళ్లీ నూరించీది మీ నాన్నమ్మ."

నేను రాయినీ, అమ్మనీ మార్చి మార్చి చూశాను.

"అలా సూస్తావేటే? కాలవ తీసీసి, ఆ రాయి మళ్లీ బోర్లాగే ఎట్టీ."